సన్యాసిరావు కంచం

ఫ్రిజ్ కింది అరలో ఉంటున్న గుమాస్తా తన ఇడ్లీ పిండి గిన్నెను పక్కకి జరిపాడని విమల అత్తగారు అప్పలనరసమ్మ పొద్దున్నే అలుగుతుంది. జరిపితే జరిపాడు, మూత తీసి లోపలికి కూడా చూశాడట. పరాయి మనిషి ఊపిరి తగిలిన పిండి పొంగదని ఆవిడ గట్టి నమ్మకం.

"నా ఇంట్లో నా పిండి ఎక్కడెట్టుకోవాలో ఆడెవుడే సెప్పడానికి?" అని కోడల్ని నిలదీస్తుంది. పీట మీద కూర్చుని, తలుపు తెరిచి ఉన్న ఫ్రిజ్ వైపు మాత్రం చూడదు.

గుమాస్తా పేరు కామేశం గారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని, అది ఇవాళ రావలసిన సంచీల చోటని, పిండి పొంగి వాటి మీద పడితే జవాబు చెప్పుకోవలసింది తనేనని విమలతో అంటారు. మూత తీసినప్పుడు ఊపిరి బిగబట్టానని కూడా చెబుతారు.

"నాన్నమ్మా, ఆయనేమైనా పచ్చిమిరపకాయల పొట్లమా, నువ్వు తోసిన మూలకల్లా జరగడానికి?" అంటుంది ఝాన్సీ, జడ అల్లుకుంటూ. ఝాన్సీ విమల కూతురు. ఇంటర్ రెండో ఏడు.

"అయితే నన్నే కుక్కీండి అందులో. ఈ ఎండల్లో సల్లగా ఉంటాను. ఆడు బయట కూకుంటాడు."

విమల గిన్నెను పై అరలోకి మారుస్తుంది. కామేశం గారు మోకాళ్లు మరికాస్త దగ్గరికి ముడుచుకుంటారు. తలుపు ఎక్కువసేపు తీసి ఉంచితే చల్లదనం పోతుందని ఇంట్లో అందరికీ భయమే కాబట్టి తగువు అక్కడితో తీరుతుంది.

ఆ చల్లదనం మీదే సన్యాసిరావు బతుకు నడుస్తోంది. సన్యాసిరావు నరసమ్మ కొడుకు, విమల భర్త. పోయినేడు కడుపులో రక్తం గడ్డకట్టి పేగు నల్లబడిపోతే డాక్టర్లు దాన్ని దాదాపు అంతా తీసేశారు. నోటితో తిన్నది అతని ఒంటికి పట్టే దారి లేదు. రోజూ దీపాలు పెట్టే వేళకి విమల మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఫ్యాను ఆపి, పాలలా తెల్లగా ఉండే సంచీ ఒకటి స్టాండుకి తగిలిస్తుంది. కాలరు ఎముక కింద గుండెలోకి వేసిన సన్నని గొట్టానికి దాన్ని కలుపుతుంది. పొద్దున్నకి సంచీ ఖాళీ అవుతుంది, సన్యాసిరావు మరో రోజుకి సరిపడా మనిషవుతాడు. నరసమ్మ దాన్ని బాబు బువ్వ అంటుంది. ఈ ఇంట్లో ఎవరి ఎంగిలీ తగలని తిండి అదొక్కటేనని కూడా అంటుంది.

సంచీలకి బీమా ఆఫీసు అనుమతి కావాలి. మొదటిసారి అనుమతి వచ్చిన రోజున సంచీల పెట్టెతో పాటు కామేశం గారు కూడా వచ్చి అరలో సర్దుకున్నారు. సంచీలు చల్లగా ఉన్నాయని, పేషెంటు నోటితో తినడం లేదని చూసి ఆఫీసుకి తెలపడం ఆయన ఉద్యోగం. విమల ఆయనకి పొద్దున ఒక గ్లాసు కాఫీ అందిస్తుంది. ఆయన దాన్ని చల్లార్చుకుని తాగుతారు.

విమల కాలేజీలో కామర్సు చదివింది. ఏ రోజు ఏ సంచీ ఎక్కించిందీ, గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడిందా లేదా, బరువెంత, జ్వరమెంత, అన్నీ ఆమె కొట్టివేతలు లేకుండా రాస్తుంది. ఆఫీసు వాళ్లు అడగని విషయం ఒక్కటే ఉంది. విమల ఎక్కడ తింటుందో రాయడానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

కాఫీ గ్లాసు అందుకుంటూ కామేశం గారు ఇవాళ ఒక కాగితం తిరిగి ఇస్తారు. దాని అంచున మంచు పేరుకుని ఉంటుంది. విమల కొంగుతో తుడిచి చదువుతుంది. పేషెంటు నోటి ద్వారా ఆహారం తీసుకుంటున్నట్టు తేలినందున ఇకపై సంచీలు పంపబడవు అని ఉంది. ఆధారం అన్న చోట, పేషెంటు పేరు చెక్కిన కంచం ప్రతి పూటా ఎంగిలిగా బేసిన్‌లో కనబడుచున్నది అని రాసి ఉంది.

ఆ ఇంట్లో కంచాలన్నిటి మీదా పేర్లున్నాయి. స్టీలు సామాన్ల కొట్టు వాడు చిన్న మెషీనుతో చుక్కలు చుక్కలుగా చెక్కి ఇచ్చినవి. నరసమ్మ కంచం మీద నరసమ్మ పేరు, ఝాన్సీ కంచం మీద ఝాన్సీ పేరు, సన్యాసిరావు కంచం మీద సన్యాసిరావు పేరు. విమల కాపురానికి వచ్చిన కొత్తలో, మొగుడు తిని లేచిన కంచంలోనే పెళ్లాం తినడం ఇంటి పద్ధతని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆమె తింటూ వచ్చింది. సన్యాసిరావు తినడం మానేశాక ఆ కంచం స్టాండులో పొడిగా నిలబడి ఉంటే చూడలేకపోయింది. పొడి కంచం ఇంట్లో ఉండడం మంచిది కాదనిపించింది. అందరి భోజనాలూ అయ్యాక, వంటగట్టు దగ్గర నిలబడి, తన అన్నం ఆ కంచంలోనే పెట్టుకుని తింటోంది.

"ఆ కంచంలో తినేది నేనండీ" అంటుంది విమల, ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని.

"దాని మీద మీ పేరు లేదమ్మా" అంటారు కామేశం గారు.

"నేను తింటుంటే మీరు చూడలేదా?"

"నేనున్న చోటి నుంచి బేసిన్ వరకే కనిపిస్తుంది. తినేవాళ్లు కనబడరు. ఎంగిలే కనబడుతుంది."

ఆయన గొంతులో కోపం లేదు. చూసింది రాయకపోతే తన అరలో ఇంకొకర్ని వేస్తారని, ఆ వచ్చేవాడు కాఫీ తాగకపోవచ్చని కూడా అంటారు.

ముందు గదిలో పడకకుర్చీలోంచి సన్యాసిరావు అంతా వింటూనే ఉంటాడు. "ఏడాదై తింటన్నానన్నమాట నేను" అంటాడు. "మరి ఒక్క పూటైనా రుచి తెలీలేదేటి?"

నిన్న సాయంత్రం ఎక్కించిన సంచీయే ఆఖరిది.

అప్పీలు చేసుకోవచ్చని కామేశం గారు అంటారు. మనిషి స్వయంగా వెళ్లాలి. ఆఫీసు కూరగాయల సొరుగు వెనక. రెండు కంచాలు తీసుకెళ్లాలి, అతనిదీ ఆమెదీ. ఆమె కంచం ఎక్కడుందని ఆయన అడుగుతారు. పుట్టింటి వాళ్లు పెట్టిన సామాన్లలో ఆమె పేరు చెక్కించిన కంచం ఒకటి ఉండాలి. ఝాన్సీ స్టూలెక్కి అటక మీది ట్రంకుపెట్టె వెతుకుతుంది. కంచం పాత వార్తాపత్రికలో చుట్టి, పురికొస కట్టి, ఇచ్చినప్పటిలాగే దొరుకుతుంది.

విమల ఫైలు చంకలో పెట్టుకుంటుంది. కంచాలు రెండూ గుండెకి ఆనించుకుంటుంది. కామేశం గారు కాళ్లు ఒక పక్కకి తీసి దారి ఇస్తారు. సొరుగు లాగితే వెనక వసారా ఉంటుంది.

వసారా గోడలు గుడ్ల అట్టలా గుంటలు గుంటలుగా ఉన్నాయి. ప్రతి గుంటలోనూ ఒక పసుపు బల్బు. విమల ఒక అడుగు వేస్తే ముందు రెండు అడుగుల వసారా కొత్తగా వచ్చి చేరుతుంది. ఆమె దానికి తగ్గట్టుగా నడక పెంచదు. పెంచితే ఇంకా సాగుతుందని ఇంటి పనిలో ఆమెకు బాగా అనుభవం. ఆగి, పని లేని దానిలా గోడకి ఆనుకుని నిలబడితే, చివరి తలుపు తనే ఆమె దగ్గరికి వస్తుంది.

లోపల పెద్ద హాలు. నేల మీద చాపలు పరిచి, గుమాస్తాలు బంతులుగా భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ నీళ్లు చల్లి తుడిచిన అరిటాకు. వడ్డించేవాళ్లు గంపల్లోంచి కాగితాలు తీసి ఆకుల్లో వేస్తున్నారు. గుమాస్తాలు కుడిచేత్తో కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని, నచ్చకపోతే తీసి ఆకు చివర పెడుతున్నారు. భోంచేసేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఎవరూ మాట్లాడడం లేదు.

విమల ఫైలు వడ్డించేవాడికి ఇస్తుంది. డిశ్చార్జి కాగితాలు ఆకులో పైన పడతాయి, బరువు పట్టిక పక్కన, డైటీషియన్ ఉత్తరం చివర. గుమాస్తా డాక్టరు సంతకం వరకూ నమిలి, ఆగి, చల్లారిపోయిందన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. కొట్టివేతలు లేని ఆమె కాగితాలు ఒక్కొక్కటీ ఆకు అంచుకి చేరతాయి. ఆకు మడతపడుతుంది.

"అమ్మా, కంచాలు" అంటుంది చివర కూర్చున్న పెద్దావిడ. ఆ ఆఫీసులో మాట్లాడడానికి అధికారం ఉన్నది ఆవిడకే. ఊలు శాలువా కప్పుకుని, తల ముడి మీద కలం గుచ్చుకుని ఉంది.

ఆవిడ ముందు సన్యాసిరావు కంచం తీసుకుంటుంది. బొటనవేలితో నడిమధ్య రుద్దుతుంది. అంచు పొడుగునా గీతలు తడుముతుంది. చెవి దగ్గర పెట్టుకుని వింటుంది.

"బాగా తిన్న కంచం. నిన్న మధ్యాహ్నం ఆనపకాయ పులుసు."

"అది నేను తిన్నానండీ."

"మీ కంచం ఏది?"

విమల పురికొస విప్పి ఇస్తుంది. కంచం అద్దంలా మెరుస్తోంది. పెద్దావిడ అందులో తన ముఖం చూసుకుని, చెదిరిన వెంట్రుక సర్దుకుని, గీత కోసం వెతుకుతుంది. ఒక్క గీత కూడా లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినిపించదు.

"ఇందులో ఎవరూ ఎప్పుడూ తినలేదు."

"లేదండీ."

"అంటే మీరు తినరు."

"తింటానండీ. ఆయన కంచంలో."

"ఆయన కంచంలో పడింది ఆయన తిన్నట్టే కదమ్మా. ఆయన పేరు, ఆయన వాటా. అందులో మీరెక్కడున్నారు? చూపించండి."

విమల భర్త కంచం వైపు చూస్తుంది. ఇన్నేళ్ల వంకాయ కూరలు, పప్పుచారులు, చివరి మజ్జిగ మెతుకులు అన్నీ ఆ గీతల్లో ఉన్నాయి. తను తిన్న మెతుకు ఇదని వేలు పెట్టి చూపించడానికి ఒక్కటీ దొరకదు. చాప అంచున కూర్చుంటుంది.

"ఇవాళ సాయంత్రం సంచీ ఎక్కకపోతే ఆయన ఉండరండీ" అంటుంది. ఆ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు.

పెద్దావిడ ఆమె భుజం మీద చెయ్యి వేస్తుంది. చెయ్యి చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటుంది.

"సంచీలు ఇవ్వనని ఎవరన్నారు? తినని మనిషికి ఇవ్వడానికే కదా మేమున్నది. మీ ఇంట్లో తినని మనిషి మీరు."

వడ్డించేవాళ్లు విమలని తక్కెడలో కూర్చోబెట్టి తూస్తారు. ఆమె చెబుతూనే ఉంటుంది, తనకి పేగులు ఉన్నాయని, ఆకలి వేస్తుందని, పొద్దున రెండు అట్లు తిన్నానని. ఏ కంచంలో అని అడుగుతారు వాళ్లు. అట్టపెట్టె ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెడతారు. లోపల సంచీలు తెల్లగా, నిండుగా, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ప్రతి దాని మీదా విమల అని అచ్చు వేసి ఉంది.

వచ్చేటప్పుడు వసారా ఒక్క అడుగే ఉంటుంది. అప్పుడు ఆమెకి నిజంగా భయం వేస్తుంది.

ఇంట్లో అప్పటికే దీపాలు పెట్టే వేళ. సన్యాసిరావు చొక్కా గుండీల దగ్గర పల్చబడి ఉన్నాడు. అతని వెనక కుర్చీ అల్లిక కనిపిస్తోంది. నరసమ్మ పక్కన నేల మీద కూర్చుని కొడుకు మోకాలు పట్టుకుని ఉంది, అది ఇంకా చేతికి దొరుకుతోంది కాబట్టి.

"దొరికాయా?" అంటుంది ఝాన్సీ.

"దొరికాయి" అంటుంది విమల. చేతులు కడుక్కోవడానికి వెళుతుంది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మోచేతులు. ఝాన్సీ ఫ్యాను ఆపుతుంది. గొట్టం మూతిని స్పిరిట్ దూదితో తుడుస్తారు. సంచీ స్టాండుకి తగిలించి, విమల క్లిప్పు వదులు చేస్తుంది.

తెల్లటి ధార గొట్టంలో దిగుతుంది. సన్యాసిరావు ఛాతీకి బెత్తెడు దూరం వరకూ వచ్చి ఆగుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలా వద్దా అని చూసే చుట్టంలా కాసేపు అక్కడే ఉంటుంది. తర్వాత వచ్చిన దారినే పైకి ఎక్కి సంచీలోకి వెళ్లిపోతుంది.

విమల క్లిప్పు బిగించి మళ్లీ వదులుతుంది. సంచీ ఎత్తు పెంచుతుంది. ఝాన్సీ గొట్టాన్ని వేలితో మీటుతుంది. ధార దిగుతుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది.

"పేరు కలవలేదమ్మా" అంటారు ఫ్రిజ్‌లోంచి కామేశం గారు.

విమల గొట్టం విప్పి, దాని మూతిని తన మణికట్టు దగ్గరికి తెచ్చి చూస్తుంది. ఇంకా తగలకముందే తెల్లటి ధార ఆత్రంగా దూకుతుంది, ఆవు వాసన తెలిసిన దూడలా. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని గొట్టానికి మూత పెడుతుంది.

ఇప్పుడు కుర్చీ అల్లికే కాదు, దాని వెనక గోడకున్న క్యాలెండరు కూడా సన్యాసిరావులోంచి కనిపిస్తోంది. నరసమ్మ ఏడవదు. లేచి వంటింట్లోకి వెళ్లి, పై అరలోంచి పిండి గిన్నె తీసుకుంటుంది. మూతని నెట్టుకుంటూ పిండి పొంగి ఉంది. కామేశం గారి వైపు ఒకసారి చూసి, ఇడ్లీ కుక్కరు పొయ్యి మీద పెడుతుంది. చెయ్యడానికి ఆవిడకి ఇంకేదీ తోచదు.

పీటలు వాలుతాయి. సన్యాసిరావు తినకపోయినా భోజనాల వేళ కుర్చీ తెచ్చి అందరి మధ్యా వేస్తారు. ఏడాదిగా అదే అలవాటు. అతను వాసన పట్టి, చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పగలడు. ఇవాళ కుర్చీని ఝాన్సీ ఒక్కతే ఎత్తి తెస్తుంది. బరువు కుర్చీది మాత్రమే.

విమల కూడా పీట వాల్చుకుని కూర్చుంటుంది. అందరితో పాటు ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో ఇదే మొదలు. సన్యాసిరావు కంచం తన ముందు పెట్టుకుంటుంది. మెరుస్తున్న తన కంచాన్ని అతని ఒళ్లో పెడుతుంది. తర్వాత ఉప్పు అందించమన్నంత మామూలుగా చెబుతుంది.

"అత్తయ్యా, నా పేరు ఆయనకి ఇచ్చేస్తున్నాను. ఈ పూట నుంచి ఆయన విమల. నేను సన్యాసిరావుని."

కుక్కరు ఆవిరి ఊదుతూ ఉంటుంది. ఝాన్సీ అమ్మ వంకా నాన్న వంకా చూస్తుంది.

"మరి అమ్మా అని నేనెవర్ని పిలవాలి?"

"సంచీ ఎవరికి ఎక్కితే వాళ్లని."

సన్యాసిరావు గొంతు దూరంలో ఉన్న రేడియోలా వస్తుంది. "వొద్దే. నీకేటి మిగుల్తాది?"

"మీ కంచం" అంటుంది విమల. "ఇన్నాళ్లూ తిన్నది అందులోనే కదా. నాకు కొత్తేమీ కాదు."

ఆ మాటకి అతను తల దించుకుంటాడు. ఒళ్లో ఉన్న కంచంలో అతని ముఖం కనిపించదు, పైకప్పు కనిపిస్తుంది.

ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి కొంచెం తెరుచుకుంటుంది. అలా కుదురుతుందని, కానీ పేరు పెట్టిన మనిషి ఒప్పుకోవాలని కామేశం గారు తెలియజేస్తారు. అందరూ నరసమ్మ వైపు చూస్తారు. సన్యాసిరావు అన్న పేరు ఆవిడే పెట్టింది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, వీడైనా దక్కాలని, దిష్టి తగలని పేరు చూసి పెట్టుకుంది.

నరసమ్మ ఇడ్లీ రేకుల మీద మూత తీసి, మళ్లీ పెడుతుంది. ఒప్పుకోనని అనబోతుంది. ఆవిడ పెదవులు ఆ మాట దాకా వస్తాయి. కానీ కుర్చీలో కొడుకు భుజం మీదుగా క్యాలెండరులోని అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"పేరుదేటుంది" అంటుంది చివరికి. "మనిషుంటే సాలు."

బియ్యం డబ్బా తెచ్చి, అతని ఒళ్లో ఉన్న కంచంలో దోసెడు బియ్యం పోసి అరచేత్తో సమంగా పరుస్తుంది. బారసాల నాడు చేసినట్టే చేస్తుంది. అతని చూపుడువేలు పట్టుకుంటుంది. వేలు ఆవిడ చేతికి దారం ముక్కలా తగులుతుంది. ఆ వేలితో బియ్యంలో విమల అని రాయిస్తుంది. ఆవిడకి చదువు రాదు. కంచం అంచున చెక్కి ఉన్న చుక్కల్ని చూసి, ఒక్కొక్క వంపూ అలాగే దించుతుంది. తర్వాత అతని చెవి దగ్గర వంగి, పసిబిడ్డకి చెప్పినట్టు, విమలా, విమలా, విమలా అంటుంది.

ఝాన్సీ గొట్టం మూత తీసి కలుపుతుంది. తెల్లటి ధార దిగుతుంది. ఛాతీకి బెత్తెడు దూరంలో ఆగుతుంది. ఎవరూ ఊపిరి పీల్చరు, కామేశం గారు కూడా. ధార ఆ బెత్తెడూ దాటి లోపలికి వెళుతుంది.

క్యాలెండరు మసకబారుతుంది. అల్లిక మసకబారుతుంది. చొక్కా నిండుతుంది.

"ఇప్పుడు కాగితాలు సరిపోయాయి" అంటారు కామేశం గారు. ఫ్రిజ్ తలుపు మూసుకుంటుంది.

నరసమ్మ పీట మీద కూర్చున్న మనిషి వైపు తిరుగుతుంది. చాలాసేపు చూస్తుంది. ఏడాదిగా ఆవిడ కొడుక్కి ఒక్క ముద్ద వడ్డించలేదు.

"ఒరే సన్యాసీ" అంటుంది. "సల్లారిపోతాది. తిను నాయనా."

రెండు ఇడ్లీలు కంచంలో వేసి, మీద నెయ్యి, పక్కన చట్నీ వేస్తుంది. పీట మీది సన్యాసిరావు తన కంచం దగ్గరికి లాక్కుంటుంది. తుంచి నోట్లో పెట్టుకుంటుంది. ఇడ్లీ మెత్తగా, బాగా పొంగి ఉంది. ఈ ఇంట్లో ఏదైనా వేడిగా తినడం ఆమెకి జ్ఞాపకం లేదు.

"ఇంకోటెయ్యనా?"

ఆమెని అలా అడిగినవాళ్లు లేరు. సన్యాసిరావు తల ఊపుతుంది. నరసమ్మ ఇంకోటి వేస్తుంది, ఆగి, ఇంకోటి వేస్తుంది, చివర గ్లాసుతో మజ్జిగ ఇస్తుంది. ఆమె తాగి దించగానే ఆవిడ కొంగు తీసి ఆమె పైపెదవి తుడుస్తుంది, చిన్నప్పటి నుంచీ కొడుకు మూతికి అంటిన మజ్జిగ తుడిచినట్టు. కొంగు తడిసి వస్తుంది.

కుర్చీలో విమల పాదాలు దగ్గరికి చేర్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని చూపు ఆ కంచం మీదే ఉంది. అందరూ ఎప్పుడు లేస్తారా, ఎప్పుడు కంచం ఖాళీ అవుతుందా అని చూసే చూపు అది. సన్యాసిరావుకి ఆ చూపు తెలుసు.

"నువ్వూ రా" అంటుంది ఆమె.

"మీరు తినండి" అంటాడు విమల. "నాకు తొందరేం లేదు."

"అమ్మా, మంచినీళ్లు" అంటుంది ఝాన్సీ, అలవాటుగా, కంచంలోంచి తల ఎత్తకుండా.

సన్యాసిరావు లేవబోయి ఆగుతుంది. విమల అప్పటికే లేస్తాడు. చెంబు తెచ్చి కూతురి గ్లాసులో పోస్తాడు. చక్రాల స్టాండు అతని వెనకే వంటింటికి వెళ్లి, అతని వెనకే తిరిగి వస్తుంది.

సన్యాసిరావు చివరి ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. నమలాలనుకుంటుంది. దవడ కదలదు. తల ఎత్తి చూస్తే, స్టాండుకి వేలాడుతున్న తెల్లటి సంచీ, అంచులు కలిపి, కళ్లు మూసుకున్న మనిషిలా, ఆ ముద్దనే నెమ్మదిగా నములుతోంది.